సిటీ బస్సులో కొట్టేసిన ఫోన్ మళ్లీ నా చేతికి ఎట్లా వచ్చిందంటే

నల్గొండ ప్రకాశం బజార్‌లో నాకు చిన్న మ్యాచింగ్ సెంటర్ ఉంది. సరుకు కోసం హైదరాబాద్ పోవడం మామూలే. ఎల్బీనగర్‌లో దిగి కోఠి పోయే సిటీ బస్సు ఎక్కాను. కాలు పెట్టే సందు లేదు. కండక్టర్‌కు ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకున్నాను. చాదర్‌ఘాట్ దాటాక చూస్తే బ్యాగు జిప్ తెరిచి ఉంది. పర్సు ఉంది, ఫోన్ లేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ తీసుకుంటున్న మా తమ్ముడి రూమ్‌కు పోయాను. "అక్కా, ఫోన్ సంగతి తర్వాత, ముందు సిమ్ బ్లాక్ చేయిద్దాం" అన్నాడు. ఫోన్‌కు లాక్ ఉంది కదా అన్నాను. లాక్ ఫోన్‌కే గానీ, విడిగా పెట్టుకుంటే తప్ప సిమ్‌కు ఉండదట. సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేస్తే ఓటీపీలన్నీ వాళ్లకే పోతాయి. వాడి ఫోన్ నుంచే కస్టమర్ కేర్‌కు చేసి సిమ్ ఆపించాం, బ్యాంకుకు చేసి యూపీఐ ఆపించాం. అకౌంట్‌లో పైసలు పోలేదు కాబట్టి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930తో పని పడలేదు. పోయి ఉంటే మాత్రం వెంటనే ఆ నంబర్‌కే చేయాలి. ఎంత తొందరగా చెప్తే ఆ డబ్బు చేతులు మారకుండా ఆపే వీలు అంత ఎక్కువ.

అసలు టెన్షన్ పోలీస్ స్టేషన్‌లో మొదలైంది. "ఏడ పోయిందో తెల్వకుంటే ఎట్ల రాయాలమ్మా?" అన్నాడు అక్కడున్న కానిస్టేబుల్. నడుస్తున్న బస్సులో ఏ స్టాప్ దగ్గర తీశారో నాకు మాత్రం ఏం తెలుసు? ఇది మా ఏరియా కాదు, అవతలి స్టేషన్‌కు పొమ్మన్నారు. అక్కడికి పోతే మళ్లీ వెనక్కి పొమ్మన్నారు. చివరికి జీరో టికెట్ అక్కరకొచ్చింది. దాని మీద తేదీ, టైమ్ ఉన్నాయి. టికెట్ తీసుకున్నప్పుడు ఫోన్ బ్యాగులోనే చూశాను కాబట్టి, ఎక్కడి నుంచి ఎక్కడి లోపల పోయిందో చెప్పగలిగాను.

అప్పుడు ఇంకో మాట: "దొంగతనం అని ఎందుకు, మిస్సింగ్ అని రాసివ్వు, పని జల్దీ అయితది." ఫోన్ బ్లాక్ చేయడానికి మిస్సింగ్ కాగితం కూడా పనికొస్తుంది, ఆ మాట నిజమే. కానీ నేను ఒప్పుకోలేదు. జిప్ తీసి తీసుకున్నదాన్ని జారిపడిందని రాస్తే, ఆ రూట్‌లో దొంగతనం జరిగినట్టు రికార్డులోనే ఉండదు. లెక్కలో లేని దొంగతనం కోసం ఆ బస్టాప్‌లో మఫ్టీ పోలీసును ఎవరు పెడతారు? 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం, అదే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్), 173వ సెక్షన్ ప్రకారం ఏరియా ఏదైనా ఫిర్యాదు తీసుకోవాలి, ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. మా తమ్ముడు చదివేది గ్రూప్స్‌కు కాబట్టి ఇవన్నీ నోటికొచ్చు. ఎస్‌ఐ గారు వచ్చాక పెద్దగా వాదన లేకుండానే దొంగతనం అనే రాసుకున్నారు.

తర్వాత సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో, పోయిన ఫోన్‌ను బ్లాక్ చేయించే సీఈఐఆర్ ఫారం నింపాం. దానికి ఫోన్ ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబర్ కావాలి, 15 అంకెలుంటుంది. రెండు సిమ్‌ల ఫోన్‌కు రెండు నంబర్లు, రెండూ ఇవ్వాలి. ఆ నంబర్ ఉండే ఫోన్ డబ్బా నా దగ్గర లేదు. కొన్న షాపు మా బజార్‌లోనే కాబట్టి ఆయన కంప్యూటర్‌లో వెతికి బిల్లు మళ్లీ తీసిచ్చాడు. ఓటీపీకి తమ్ముడి నంబర్ ఇచ్చాం. అదే మంచిదైంది, ఎందుకంటే డూప్లికేట్ సిమ్ తీసుకున్నాక 24 గంటలు మెసేజ్‌లు రావు. దొంగ మన పేరుతో సిమ్ తీసుకుని ఓటీపీలు లాక్కోకుండా పెట్టిన రూల్ అది. ఫారం పూర్తయ్యాక రిక్వెస్ట్ ఐడీ వచ్చింది. దాన్ని కాగితం మీద రాసి షాపు గల్లాపెట్టెలో పెట్టాను.

బ్లాక్ అయిన ఫోన్‌లో ఏ కంపెనీ సిమ్ వేసినా నడవదు. పైగా ఎవరైనా సిమ్ వేయగానే ఆ సమాచారం పోలీసులకు పోతుంది. నేను ఆశ వదులుకుని వేరే ఫోన్ కొనుక్కున్నాక స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది, బిల్లు, ఆధార్ తీసుకుని రమ్మని. నాలాంటోళ్లు చాలామంది వచ్చారు. టేబుళ్ల మీద వరసగా ఫోన్లు పేర్చారు. పెద్దసారు వచ్చి ఫొటోలు అయ్యేదాకా ఎవరి ఫోనూ వాళ్ల చేతికి రాలేదు. అది కొంచెం విసుగే, అయినా ఆ పూట ఎవరికీ కోపం లేదు.

నా ఫోన్ ఒక ఆటో డ్రైవర్ దగ్గర దొరికిందట. బిల్లు లేకుండా సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు, పోలీసులు ఫోన్ చేయగానే తెచ్చిచ్చాడు. అతని డబ్బు పోయినట్టే. కొనేముందు కేవైఎం అని కొట్టి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ నంబర్ వేసి 14422కు మెసేజ్ పెడితే ఆ ఫోన్ బ్లాక్‌లిస్టులో ఉందో లేదో తెలిసిపోయేది. లోపలి ఫొటోలన్నీ చెరిపేశారు, కస్టమర్ల బ్లౌజు డిజైన్లు కూడా పోయాయి. అదే రిక్వెస్ట్ ఐడీతో అన్‌బ్లాక్ పెట్టి, సెట్టింగ్స్‌లో సిమ్‌కు పిన్ పెట్టుకున్నాను. ఇప్పుడది షాపు నంబర్‌కు వాడుతున్నాను.