బిగుసుకుపోయిన భుజం, గోల్ఫ్‌లో మొదటి షాట్‌కి ముందు అరగంట

విశాఖలో మా ముడసర్లోవ గోల్ఫ్ కోర్సులో ఆరున్నరకి టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) ఉంటే నేను ఆరు కాకముందే అక్కడ ఉంటాను. ఆ అరగంట కూడా నాకు ఆటే. తోటివాళ్లు కాఫీ తాగి, గ్లవ్ వేసుకుని, డ్రైవర్‌ని (దూరం కొట్టే క్లబ్, అంటే గోల్ఫ్ కర్ర) రెండుసార్లు గాలిలో ఊపి మొదలుపెట్టేస్తారు. లోకమంతా అలాగే ఉన్నట్టుంది. ఆస్ట్రేలియాలో వెయ్యి మందికి పైగా గోల్ఫర్లను ఆటకు ముందు గమనించి 2001లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో ఏదో ఒక వార్మప్ చేసినవాళ్లు సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. వాళ్లలో కూడా చాలామంది చేసింది గాలిలో క్లబ్ ఊపడమే. నా కుడి భుజానికి అది చాలదు. ఫ్రోజెన్ షోల్డర్ (భుజం కీలు బిగుసుకుపోయే జబ్బు) వచ్చి, దాదాపు రెండేళ్లు నన్ను ఆటకు దూరం చేసి, మెల్లగా తిరిగొచ్చిన భుజం అది.

మొదలైనప్పుడు నాకు యాభై దాటాయి. షుగర్ వచ్చి అప్పటికే చాలా ఏళ్లయింది. మా వారు నేవీలో ఉన్నప్పుడు ఊరూరా తిరుగుతూ నేర్చుకున్న ఆట, ఆయన రిటైరయ్యి విశాఖలో స్థిరపడ్డాక వారానికి రెండు మూడు రోజులు ఆడేదాన్ని. ఒక చలికాలం పొద్దున జడ వేసుకుంటుంటే చెయ్యి తల వెనక్కి వెళ్లలేదు. ఏదో పట్టేసిందిలే అనుకున్నాను. వారాలు గడిచేకొద్దీ జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం కష్టమైంది, తర్వాత పై అరలో డబ్బా అందుకోవడం, తర్వాత పైట పిన్ను. కారులో కూర్చుని వెనక సీటు మీద బ్యాగు కోసం చెయ్యి చాపితే కళ్లలో నీళ్లు తిరిగేంత నొప్పి, కాసేపు ఊపిరి కూడా ఆడేది కాదు. రాత్రిళ్లు ఇంకా ఘోరం. కుడి వైపు ఒత్తిగిలితే చాలు, మెలకువ వచ్చేసేది. నిద్ర లేక చిరాకు, ఆ చిరాకుతో ఇంట్లోవాళ్ల మీద అరుపులు.

మా అక్క ఆముదం వెచ్చచేసి రాయమంది. పక్కింటావిడ "ఈ వయసులో అందరికీ ఉండేదేనమ్మా, సర్దుకుంటుంది" అంది. మొదట చూసిన డాక్టరు మెడ ఎముకలు అరిగాయని కాలర్ పెట్టి, నొప్పి మాత్రలు రాశారు. కొన్ని నెలలు అలాగే పోయాయి. ఆ నెలల గురించి నాకు ఇప్పటికీ బాధే. నా సంగతి పక్కన పెట్టండి. ఇదే నొప్పితో వంటింట్లో నలిగిపోతూ, వయసులే అని ఊరుకున్న ఆడవాళ్లు నాకు ఎంతమందో తెలుసు.

రెండో డాక్టరుగారు ఎముకల నిపుణులు. నా మోచేతిని నడుముకి ఆనించి, ముంజేతిని బయటికి తిప్పమన్నారు. ఎడమ చెయ్యి సులువుగా తిరిగింది. కుడిది ముందుకి చూస్తూ అక్కడే ఆగిపోయింది. ఆయన పట్టుకుని మెల్లగా తిప్పారు. అప్పుడూ అక్కడే ఆగింది.

"మీరు తిప్పినా, నేను తిప్పినా ఒకే చోట ఆగుతోందమ్మా. కండరం చిరిగితే మీరు ఎత్తలేకపోయినా నేను ఎత్తగలను. ఇక్కడ కీలే బిగుసుకుంది" అన్నారు.

ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఈ జబ్బులో అలాగే ఉంటుందట. భుజం కీలు చుట్టూ ఒక పలచని పొర ఉంటుంది. దాన్ని క్యాప్సూల్ అంటారు. మామూలుగా అది వదులుగా ఉంటుంది కాబట్టే చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది. ఈ జబ్బులో దానికి వాపు వచ్చి, మందమై, ఉతికాక కుంచించుకుపోయిన జాకెట్టులా కీలుని పట్టేస్తుంది. మోచెయ్యి పక్కన ఉంచి ముంజేతిని బయటికి తిప్పే కదలికే అన్నిటికంటే ఎక్కువ దెబ్బతింటుంది. నలభై, అరవై ఏళ్ల మధ్యవాళ్లలో, అందులోనూ ఆడవాళ్లలో ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్లకు ముప్పు చాలా రెట్లు, థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లకీ ముప్పు ఎక్కువే. నా మూడు నెలల షుగర్ సగటు (HbA1c పరీక్ష) అప్పుడు 9 శాతం దగ్గర ఉంది.

గోల్ఫ్ వల్ల వచ్చిందా అని అడిగాను. కాదన్నారు. ఆ మాటతో నాకు సగం ప్రాణం లేచొచ్చింది.

మొదట నొప్పితో బిగిసే దశ, తర్వాత నొప్పి తగ్గి బిగుతు మిగిలే దశ, ఆ తర్వాత మెల్లగా వదిలే దశ. మొత్తం ఏడాది నుంచి మూడేళ్ల దాకా పట్టవచ్చని చెప్పారు. మత్తు ఇచ్చి భుజాన్ని కదిలించడం, చిన్న రంధ్రాలతో క్యాప్సూల్‌ని కోసి వదులు చెయ్యడం కూడా ఉన్నాయి. ఈ రెండింటినీ, స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కలిపిన ఫిజియోథెరపీనీ పోల్చి బ్రిటన్‌లో 503 మంది మీద చేసిన పరిశోధన 2020లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఏదీ మిగతావాటి కంటే చెప్పుకోదగ్గంత మెరుగని తేలలేదు. మా అబ్బాయి అది చదివి చెప్పాడు. డాక్టరుగారు కూడా ముందు ఇంజెక్షన్, ఫిజియోతో మొదలుపెడదామన్నారు.

ఇంజెక్షన్ తర్వాత రాత్రి నిద్ర పట్టింది. దాని విలువ అది లేనివాళ్లకే తెలుస్తుంది. కానీ షుగర్ ఉన్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. కీలులోకి వేసిన స్టెరాయిడ్ కూడా కొన్ని రోజులు షుగర్‌ని బాగా పెంచుతుంది. నాకు ముందే చెప్పారు కాబట్టి రోజూ గ్లూకోమీటర్‌తో చూసుకుంటూ, మాత్రల మోతాదు డాక్టరుగారిని అడిగి మార్చుకున్నాను. చెప్పకపోయి ఉంటే ఆ అంకెలు చూసి బెంబేలెత్తిపోయేదాన్ని.

ఫిజియోథెరపిస్టు మా అమ్మాయి వయసు పిల్ల. నన్ను "ఆంటీ" అని పిలుస్తూనే గట్టిగా పని చేయించేది. మొదటి వ్యాయామం పెండ్యులమ్. ఎడమ చేతితో బల్ల పట్టుకుని ముందుకి వంగి, కుడి చేతిని వదిలేసి, ఒంటిని ఊపుతూ దాన్ని చిన్న చిన్న సున్నాలుగా తిరగనివ్వాలి. దీనికి బోస్టన్ సర్జన్ కాడ్‌మన్ పేరు ఉంది. ఈ జబ్బుకి 1934లో ఫ్రోజెన్ షోల్డర్ అన్న పేరు పెట్టింది కూడా ఆయనే. తర్వాత గోడ మీద వేళ్లతో పైకి పాకడం. ఆ తర్వాత కర్ర వ్యాయామాలు. రెండు చేతులతో కర్ర పట్టుకుని, బాగున్న చెయ్యితో బాగాలేని చేతిని బయటికి తోయాలి. "ఇంట్లో కర్ర ఉందా ఆంటీ? గొడుగైనా పర్లేదు" అంది. మరుసటి రోజు నా సెవెన్ ఐరన్ క్లబ్ పట్టుకెళ్లాను. నెలల తర్వాత ఆ గ్రిప్ నా రెండు చేతుల్లోకి వచ్చింది. ఆ అమ్మాయికి గోల్ఫ్ అంటే ఏమిటో తెలియదు. స్వింగ్ ఎలా ఉంటుందో అడిగి, ఫోన్లో వీడియోలు చూసింది.

చూశాక తనే నాకు నా ఆట గురించి చెప్పింది. నేను కుడిచేతి వాటం. బ్యాక్‌స్వింగ్‌లో క్లబ్ పైకి వెళ్లినప్పుడు కుడి మోచెయ్యి మడిచి, ముంజేతిని వెనక్కి, బయటికి తిప్పాలి. సరిగ్గా నా భుజం పోగొట్టుకున్న కదలిక అదే. అది లేకుండా క్లబ్‌ని బలవంతంగా పైకి లాగితే నడుమో, మణికట్టో ఆ భారం మోస్తాయి. "అందుకని మీరు మీ ఆటలోకి చివర్నించి వెనక్కి వెళ్లాలి ఆంటీ. ఏ షాట్‌కి భుజం తక్కువ తిరగాలో అక్కడ మొదలెడదాం" అంది. గోల్ఫ్ తెలియని పిల్ల నోటి నుంచి వచ్చిన ఆ మాట నాకు ఏ కోచ్ చెప్పినదానికంటే ఎక్కువ ఉపయోగపడింది.

అంటే ముందు పటింగ్, పటర్ అనే క్లబ్‌తో బంతిని హోల్‌లోకి మెల్లగా దొర్లించడం. చేతులు నడుము ఎత్తు దాటవు కాబట్టి నొప్పి దశ తగ్గుతుండగానే మొదలుపెట్టాను. అప్పటికి ఆట లేకపోయినా మా వారితో కోర్సంతా నడిచేదాన్ని, షుగర్ కోసం. ఆయన ఆడుతుంటే నేను నడవడం, గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీదికి వచ్చాక ఆయన బంతి పక్కన నా బంతి వేసి పట్ చెయ్యడం. క్లబ్‌ల బ్యాగు మోసే పాత క్యాడీ ఒకాయన, "మేడమ్, మీరు పట్‌కి వచ్చారంటే చిప్‌కి ఎంతో దూరం లేదు" అనేవారు. ఆయన అన్నట్టే కొన్ని నెలలకి చిప్ (గ్రీన్ దగ్గర్నించి కొట్టే చిన్న షాట్), తర్వాత నడుము ఎత్తు వరకు పిచింగ్ వెడ్జ్ క్లబ్, తర్వాత భుజం ఎత్తు వరకు ఐరన్. డ్రైవర్ అన్నిటికంటే చివర. మధ్యలో వెనక్కి జారిన వారాలు కూడా ఉన్నాయి. ఒక్కసారి విదిలిస్తే మూడు రాత్రుళ్లు నొప్పి.

ఈ ప్రయాణంలో మారిపోయింది నా వార్మప్. మునుపు అది ఒళ్లు విరుచుకోవడం లాంటిదే. ఇప్పుడు అది నాకు రోజువారీ పరీక్ష. ఈ రోజు భుజం ఎంతవరకు వస్తుందో ముందు తెలుసుకుని, ఆ మేరకే స్వింగ్ పెట్టుకుంటాను.

ఇంటి దగ్గర బయల్దేరే ముందు వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలు పది నిమిషాలు భుజం మీద వేసుకుంటాను. డిసెంబరులో సింహాచలం కొండల వైపు నుంచి చలిగాలి వచ్చే రోజుల్లో ఇది మానను. కోర్సుకి చేరాక ముందు నడక, ఒంట్లో చిన్న చెమట పట్టేదాకా. నడక లేకుండా నేరుగా భుజం తిప్పితే అది మొండికేస్తుంది. తర్వాత కారుకి ఎడమ చెయ్యి ఆనించి పెండ్యులమ్. రెండు భుజాల వెనక పలకల్ని దగ్గరికి నొక్కి వదలడం. అప్పుడు క్లబ్ తీసి, మోచేతులు నడుముకి ఆనించి, ఎడమ చెయ్యితో కుడిదాన్ని బయటికి తోయడం. నా అసలు కొలత ఇక్కడే తెలుస్తుంది. ముంజెయ్యి ఎక్కడిదాకా వెళ్తే ఆ రోజు బ్యాక్‌స్వింగ్ అక్కడిదాకే. తర్వాత రెండు చేతులతో క్లబ్‌ని తల పైకి ఎత్తడం. తుంటినీ నడుమునీ అటూ ఇటూ తిప్పడం. క్లబ్‌ని మెడ వెనక పెట్టి తిరిగేవాళ్లని చూస్తాను కానీ నేను చేతులు ఛాతీ మీద కట్టుకునే తిరుగుతాను. తిరగాల్సింది వెన్ను, దానికి భుజాన్ని ఇబ్బంది పెట్టక్కర్లేదు.

సాగదీసి నిమిషాల తరబడి అలాగే పట్టి ఉంచే స్ట్రెచ్‌లు మాత్రం ఆటకి ముందు వద్దంది ఆ ఫిజియో అమ్మాయి. అవి సాయంత్రం, ఇంటి దగ్గర. ఆట ముందు కదులుతూ చేసేవే. స్పెయిన్ ఆటగాడు మిగెల్ ఏంజెల్ హిమెనెజ్ వార్మప్ వీడియోలు నేను ఇప్పటికీ చూస్తాను. మోకాళ్లు, తుంటి, భుజాలు, ఒక్కో కీలునీ ఓపిగ్గా తిప్పుతాడు. 2014లో యాభయ్యో ఏట స్పానిష్ ఓపెన్ గెలిచాడాయన. ఆ గెలుపు వెనక ఆ ఓపిక కూడా ఉందని నేను నమ్ముతాను.

బంతులు కొట్టడం దీని తర్వాతే. వెడ్జ్‌తో సగం స్వింగ్‌లు కొన్ని, సెవెన్ ఐరన్, చివరికి డ్రైవర్ రెండు మూడు. మొదటి షాట్‌ని గట్టిగా కొట్టను. మూడో హోల్ దాకా పూర్తి స్వింగ్ తియ్యను. గ్రూప్‌లో ఎవరైనా "రండి మేడమ్, లేట్ అవుతోంది" అంటే నవ్వి, మీరు ముందు మొదటి షాట్ కొట్టండి అంటాను. ఇది నేను ఎవరి కోసమూ తగ్గించను.

షుగర్ మాట మళ్లీ చెప్పాలి. నడిచి పద్దెనిమిది హోల్స్ ఆడితే నాలుగు గంటలు పైనే పడుతుంది, ఎనిమిది నుంచి పది కిలోమీటర్ల నడక. షుగర్ మాత్రలు వేసుకుని ఖాళీ కడుపుతో వెళితే మధ్యలో పడిపోయే ప్రమాదం ఉంది. నేను ఇడ్లీలు తిని బయల్దేరతాను, నడక ముందు ఒకసారి వేలు గుచ్చి చూసుకుంటాను. బ్యాగులో గ్లూకోజ్ పొడి ఎప్పుడూ ఉంటుంది, అది ఏ అరలో ఉందో క్యాడీకి కూడా తెలుసు. చేతులు వణికి, చెమటలు పట్టి, మీటరు 70 కంటే తక్కువ చూపిస్తే ఆట ఆపి పదిహేను గ్రాముల గ్లూకోజ్ తీసుకోవాలి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి. ఆ హోల్ పోతే పోతుంది.

ఇప్పుడు జడ నేనే వేసుకుంటాను. జాకెట్టు హుక్కులు వెనక్కి వేసుకునేంత మాత్రం ఇంకా రాలేదు, ముందు హుక్కులవే కుట్టించుకుంటున్నాను. డ్రైవర్ దూరం మునుపటంత లేదు. షుగర్ సగటు 7 శాతానికి అటూ ఇటూ ఉంటోంది. దాన్ని అక్కడే ఉంచడానికి పెద్ద కారణం ఎడమ భుజం. ఒక వైపు వచ్చినవాళ్లకి, ముఖ్యంగా షుగర్ ఉంటే, కొన్నాళ్లకి రెండో వైపు కూడా రావచ్చని డాక్టరుగారు చెప్పారు. అందుకే కర్ర వ్యాయామం రెండు వైపులా చేస్తాను, ఎడమ ముంజెయ్యి బయటికి ఎంత తిరుగుతోందో నెలకోసారి మా వారు చూస్తారు.

మొన్న మా క్లబ్బులో ఒకావిడ ఆట అయ్యాక కారు సీట్‌బెల్ట్ లాక్కోలేక ఎడమ చేత్తో తీసుకోవడం చూశాను. దగ్గరికి వెళ్లి మోచెయ్యి నడుముకి ఆనించి బయటికి తిప్పమన్నాను. తిరగలేదు. తనకి షుగర్ ఉందో లేదో ఎప్పుడూ చూపించుకోలేదట. ముందు రక్తపరీక్ష, ఆ తర్వాత నా డాక్టరుగారి దగ్గరికి, గురువారం ఇద్దరం కలిసి వెళ్తున్నాం. ఆట మానేయాలా అని అడిగింది. పటర్ తెచ్చుకోమన్నాను.