మా గ్రూపులో బూతులు లేవు, అయినా మనుషులు వెళ్లిపోయారు

పోయినేడాది జూన్‌లో ఒక రాత్రి, పదిన్నర దాటాక, మా మిద్దెతోట వాట్సాప్ గ్రూపులో ఒకామె మందార మొక్క ఫొటో పెట్టింది. కొమ్మల చివర్లన్నీ తెల్లగా దూది అంటించినట్టు పిండినల్లి, మొగ్గలు విచ్చుకోకుండానే ముడుచుకుపోయి ఉన్నాయి. "ఏం చేయాలో చెప్పండి ప్లీజ్, మా అత్తగారు చేత్తో పెట్టిన మొక్క" అని రాసింది. దానికి వచ్చిన మొదటి జవాబు ఇది: "ఇంత పట్టేదాకా ఏం చేస్తున్నావ్ తల్లీ, ఫోన్ చూసుకుంటూ కూర్చున్నావా? నీలాంటోళ్లకి ప్లాస్టిక్ పూలే కరెక్ట్." దాని కింద నలుగురు నవ్వే బొమ్మలు పెట్టారు.

పొద్దున లేచి చూసేసరికి ఫొటో లేదు, ఆమె కూడా లేదు. 2022 నుంచి వాట్సాప్‌లో ఎవరైనా గ్రూపు వదిలి వెళ్తే ఆ కబురు అడ్మిన్లకే వస్తుంది, మిగతా వాళ్లకి చప్పుడు కూడా ఉండదు. అంటే ఏడొందల మంది ఉన్న చోట ఒక మనిషి నొచ్చుకుని లేచి వెళ్లిపోతే, తెలిసింది అడ్మిన్లమైన మా ముగ్గురికే.

నాలుగేళ్లుగా ఈ గ్రూపు చూసుకుంటున్నాను. మా నియమాల్లో మొదటిది "బూతులు మాట్లాడితే తీసేస్తాం". ఈ నాలుగేళ్లలో అలా తీసేయాల్సి వచ్చింది రెండేసార్లు. అందుకే గ్రూపు బాగానే నడుస్తోందని అనుకుంటూ వచ్చాను. ఆ రోజు కూర్చుని, వెళ్లిపోయిన వాళ్లు ఒక్కొక్కరూ చివరగా ఏం రాశారో వెనక్కి వెళ్లి చూశాను. చాలామందిది ఒకే వరస: కొత్తగా వచ్చి ఒక ప్రశ్న అడిగారు, ఎవరో తీసిపారేసినట్టు జవాబిచ్చారు, ఆ తర్వాత వాళ్ల నుంచి ఇంకో మాట లేదు. ఎక్కడా ఒక్క బూతు కూడా లేదు!

తెలుగులో మనిషిని కించపరచడానికి బూతు అక్కర్లేదు. "చేస్తున్నారు" అనాల్సిన చోట "చేస్తున్నావ్" అంటే చాలు. "ఆయన" అనాల్సిన చోట "వాడు" అంటే చాలు. "తల్లీ" అనేది ఎంత ముద్దు మాటో ఎదురుగా ఉండి అంటే తెలుస్తుంది, అదే మాట ముక్కూమొహం తెలియని మనిషి అర్ధరాత్రి రాస్తే చెంప మీద కొట్టినట్టుంటుంది. ఇవేవీ మెషీన్‌కి దొరకవు.

మెషీన్‌ని నమ్ముకుని కూడా చూశాం. మాకు ఫేస్‌బుక్‌లో కూడా ఒక గ్రూపు ఉంది, అక్కడ మనం ఇచ్చిన మాటలున్న కామెంట్లని ఆపే ఏర్పాటు ఉంది కదా అని ఒక ఆదివారం కూర్చుని తిట్ల జాబితా తయారు చేశాం. అందులో "పిచ్చి" పెట్టాం, "పెంట" పెట్టాం. వారం తిరక్కుండానే పిచ్చిమొక్కలు ఎలా తీయాలని అడిగిన వాళ్లందరి కామెంట్లూ ఆగిపోయాయి. మెదక్ వైపు నుంచి ఒకాయన పశువుల పెంట ఎంత మాగాక కుండీలో వేయాలో వివరంగా రాసింది కూడా ఆగిపోయింది. అసలు తిట్టాలనుకున్న వాళ్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో తిట్టారు. ఒకే తిట్టుని ఐదారు స్పెల్లింగులతో రాయొచ్చు, మధ్యలో చుక్క పెట్టి కూడా రాయొచ్చు, ఎన్నని జాబితాలో పెడతాం? నెల తర్వాత ఆ జాబితా మొత్తం తీసేశాం.

అలాగని "నువ్వు" అన్న ప్రతివాణ్ణీ పట్టుకోవడం కూడా అన్యాయమే. శ్రీకాకుళం నుంచి ఒకాయన ఉన్నాడు మా దగ్గర, అందరినీ నువ్వు అనే అంటాడు, నన్ను కూడా. ఆ ఊళ్లో అది చనువు. తెలంగాణ పల్లెల్లో కూడా పెద్దవాళ్లని నువ్వు అనడం మామూలే. గుంటూరు నుంచి ఒక రిటైర్డ్ టీచర్ గారు ఆయన మీద నాకు రెండుసార్లు ఫిర్యాదు చేశారు, "మర్యాద తెలియని మనిషి" అని. నేను ఆవిడకి ఫోన్ చేసి ఆయన వాయిస్ మెసేజ్ ఒకటి వినమన్నాను. విన్నాక "ఓహో, ఈయన మాటే అంత" అన్నారు, అక్కడితో సరిపోయింది. కానీ అదే శ్రీకాకుళం ఆయన "ఏటైపోనాదో తెల్దు" అని రాస్తే, ఒక కుర్రాడు అదే యాసలో నాలుగు లైన్లు రాసి ఆట పట్టించాడు. అది మాత్రం వెంటనే డిలీట్ చేశాను. సొరకాయా ఆనపకాయా అని సరదాగా వాదించుకోవడం వేరు, ఒకరి నోట్లో మాటని వెక్కిరించడం వేరు. యాసని వెక్కిరిస్తే ఆ మనిషి ఇంకెప్పుడూ నోరు తెరవడు.

కొంతమంది అడ్మిన్లు కేసులొస్తాయేమోనని టెన్షన్ పడి, అడ్మిన్లు తప్ప ఎవరూ మెసేజ్ పెట్టకుండా లాక్ చేసేస్తారు. మెంబర్ పెట్టిన దానికి అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుడు కాడని 2021లో బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. అయినా నా బాధ కోర్టు గురించి కాదు. మందార ఫొటో పెట్టినామె గురించి ఏ చట్టమూ పట్టించుకోదు, మేమే పట్టించుకోవాలి.

ఇంతకుముందు నేను తప్పు చేసిన వాళ్లని గ్రూపులోనే అందరి ముందూ మందలించేదాన్ని. దాంతో ఆయన తరఫున పదిమంది, ఆమె తరఫున పదిమంది తయారై, అడిగిన ప్రశ్న ఎటో కొట్టుకుపోయేది. ఇప్పుడు ముందు అడిగిన మనిషికి జవాబిస్తాను, అందరికీ కనబడేలా. "అండీ, లీటరు నీళ్లలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకు వెనక కూడా తడిసేలా కొట్టండి, వారానికోసారి. బాగా పట్టిన కొమ్మలు కత్తిరించేయండి" అని. నోరు పారేసుకున్న వాళ్లకి తర్వాత విడిగా ఫోన్ చేస్తాను. మెసేజ్ కాదు, ఫోనే.

ఆ రోజు మందార ఫొటో కింద మొదటి జవాబు రాసినాయనకి కూడా చేశాను. ఆయన వ్యవసాయ శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి, ఆకు చూసి తెగులు చెప్పగలడు, గ్రూపులో సగం మంది మొక్కలు ఆయన వల్లే బతికాయి. "అందులో తప్పేముందమ్మా, నా కూతుర్ని కూడా ఇలాగే అంటాను" అన్నాడు. "మీ కూతురు మీ గొంతు వింటుందండీ, ఈమె అక్షరాలే చూసింది" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆమె నంబర్ అడిగాడు. మన్నించండి సార్, ఎవరి నంబరూ నేను ఇవ్వకూడదు అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు, సాయంత్రానికి ఏడు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపాడు. ముందు క్షమించమ్మా అని, తర్వాత పిండినల్లి గురించి మొత్తం, చీమలు ఎందుకు దాన్ని మోసుకొస్తాయో, కుండీ చుట్టూ చీమల్ని ఎలా ఆపాలో, ఏ కొమ్మ కత్తిరించాలో, ఏది ఉంచాలో. ఆమె ఒప్పుకున్నాకే దాన్ని పంపాను.

ఆగస్టులో ఆమె నాకు విడిగా ఒక ఫొటో పంపింది. అదే మందార, మూడు కొత్త చిగుళ్లు, ఒక ఎర్ర మొగ్గ. "సార్‌కి చూపించండి అక్కా" అని రాసింది. గ్రూపు లింకు మళ్లీ పంపనా అని అడిగితే, ఇప్పుడు వద్దులే అక్కా అంది.