తెల్ల కొంగకు ప్లస్సా, మైనస్సా?

గుంటూరు పక్కనున్న ఉప్పలపాడు పక్షుల చెరువే నాకు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, అంటే కెమెరా ఎంచుకున్న వెలుతురును ప్లస్‌తో పెంచి, మైనస్‌తో తగ్గించే సవరణ, నేర్పింది. తెలుపుకు ప్లస్, నలుపుకు మైనస్ అని అందరూ చెప్పే సూత్రం సగం దూరమే తీసుకెళ్తుందని అక్కడే తెలిసింది.

కెమెరాలో వెలుతురు కొలిచే మీటరుకు ఎదురుగా ఉన్నది కొంగో కాకో తెలియదు. ఫ్రేములోని వెలుతురును కొలిచి, మొత్తం సగటున నడిమి బూడిద రంగుకు వచ్చేలా సర్దుతుంది, అంతే. ఎండ బాగా ఎక్కాక అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/8, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందన) 400 పెట్టి, గట్టు దగ్గరున్న కొంగను ఫ్రేము నిండా జూమ్ చేశాను. షట్టర్ తెరిచి ఉండే సమయాన్ని కెమెరా 1/3200 సెకనుగా ఎంచుకుంది. కొంగ మాసిన పంచెలా వచ్చింది. ప్లస్ 1కి తిప్పితే షట్టర్ 1/1600కి దిగింది, వెలుతురు రెట్టింపైంది. తెలుపు తెల్లగా నిలిచింది, మెడ కింద ఈకల పోగులు విడివిడిగా కనిపించాయి.

కాసేపటికి మరో కొంగ దూరంగా చెట్ల గుబురులో వాలింది. ఫ్రేమంతా ముదురు ఆకులు, మధ్యలో చిన్న తెల్ల మచ్చ. ఆకుల నలుపు చూసి కెమెరా 1/800కి దిగిపోయింది. తెర మీద కొంగ వీపు మిణుకుమంటోంది, అంటే వెలుతురు మితిమీరి అక్కడ ఈకల జాడే మిగలలేదు. మైనస్ 1 పెడితే షట్టర్ మళ్లీ 1/1600!

అదే ఎండ, అదే తెలుపు, చివరికి అదే షట్టర్. మారింది ఫ్రేమును నింపినదే. అప్పటి నుంచి పక్షి రంగు కంటే ముందు, ఫ్రేములో ఎక్కువ చోటు దేనిదో చూస్తున్నాను.

ఎండ ఇంత నిలకడగా ఉంటే అపర్చర్, షట్టర్ రెండూ మనమే పెట్టే మాన్యువల్‌లో 1/1600 పెట్టుకోవడమే హాయి. మబ్బులు వచ్చిపోతుంటే మాత్రం కాంపెన్సేషన్‌దే పైచేయి. మాన్యువల్‌లో ఐఎస్ఓ కూడా మనమే పెడితే ఈ సవరణతో ఫొటో మారదు. ఆటో ఐఎస్ఓ ఉంటే చాలా కెమెరాల్లో ఐఎస్ఓ మారుతుంది. పని అయ్యాక సున్నాకు తిప్పాలి, చాలా కెమెరాల్లో ఆపేసినా సవరణ అలాగే ఉండిపోతుంది.

పాలంపేట రామప్ప గుడిలో ఇదే పద్ధతి పాటించాను. చూరు కింది నల్లరాతి మదనికలను (స్త్రీ శిల్పాలను) కింది నుంచి తీస్తుంటే వెనక ఆకాశమే ఫ్రేమంతా ఉంది. నల్లరాతికి ప్లస్ పెట్టాల్సి వచ్చింది. అదే మదనిక ముఖాన్ని ఫ్రేము నిండా దగ్గరకు లాగితే మైనస్.