దేరాలో ఫోన్లు బాగుచేస్తూ పదకొండేళ్లు

ఆదివారం వచ్చిందంటే మా దుకాణంలో నిలబడే చోటు ఉండదు. దుబాయిలో దేరా ప్రాంతం, నైఫ్ రోడ్డు పక్క సందులో ఉంటుంది మా షాపు. యజమాని మలయాళీ. రిపేరు టేబుల్ నాది. హైదరాబాద్ ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లో పని నేర్చుకుని, జగిత్యాల నుంచి ఇక్కడికి వచ్చి పదకొండేళ్లయింది. సోనాపూర్, అల్ ఖూజ్, జబల్ అలీ కూలీల క్యాంపుల నుంచి మనవాళ్లు బస్సుల్లో, మెట్రోలో వస్తారు. పగిలిన స్క్రీన్లు, ఛార్జింగ్ ఎక్కని ఫోన్లు ఏడాది పొడుగునా ఉంటాయి. ఎండాకాలంలో ఉబ్బిన బ్యాటరీలు ఎక్కువ. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ నిబంధన ఉంది. ఆ రెండున్నర గంటలు తీసేసినా మిగతా పొద్దంతా ఆ వేడిలో ఫోను జేబులోనే ఉంటుంది కదా.

రెండేళ్ల కింద ఒక ఆదివారం ఖానాపూర్ వైపు అన్న ఒకాయన వచ్చాడు. భవనాలకు ఇనుప చువ్వలు కట్టే పని. ఫోను తాళానికి పెట్టిన ప్యాటర్న్ గీత మరిచిపోతే గదిలో ఎవరో ఫోనును మొత్తం రీసెట్ చేసిచ్చారట. ఇప్పుడది పాత జీమెయిల్ అడుగుతోంది.

“ఏ జీమెయిల్ పెట్టినవే అన్నా?”

“నాకేం ఎర్క తమ్మీ. ఫోను కొన్ననాడు ఆ షాపు పిల్లగాడే ఏదో కొట్టిండు.”

ఆ షాపు పిల్లవాడు ఖతార్ వెళ్లిపోయాడు. జీమెయిల్ పేరు తెలియదు, పాస్‌వర్డు తెలియదు. రికవరీకి ఇచ్చిన నంబరు కూడా ఆ పిల్లవాడిదే అయి ఉంటుంది. కొన్న బిల్లు అన్న దగ్గర ఉంది కాబట్టి ఫోనును మళ్లీ వాడుకునేలా చేయగలిగాను. అందులోని ఫొటోలు మాత్రం ఆ తెలియని ఖాతాలో ఉన్నాయి. బిడ్డ ఓణీల పండుగ, కట్టిన ఇంటి పునాది, తండ్రి చనిపోయినప్పుడు సెలవు దొరక్క వీడియో కాల్‌లో చూస్తూ తీసుకున్న చివరి బొమ్మలు. ఆ మాట చెప్పి ఆయన టేబుల్ ముందు చాలాసేపు నిలబడ్డాడు. నేను ఇంకో ఫోను చేతికి తీసుకోలేకపోయాను.

ఇలాంటివి నేను వందల్లో చూశాను. మన కూలీల ఫోన్లలో చాలావాటి తాళం ఇంకొకరి దగ్గర ఉంటుంది. కొత్త ఫోను కొంటారు, దుకాణంలోనే “జర అన్నీ పెట్టియ్యి” అని చేతికిస్తారు. రద్దీలో అమ్మేవాడు తన నంబరుతోనో, అప్పటికప్పుడు పుట్టించిన ఒక మెయిలుతోనో ఖాతా తెరిచి ఇస్తాడు. చాలామంది చెడు ఉద్దేశంతో చేయరు, పని తొందరగా తెమలాలని చేస్తారు. ఐఫోను అయితే ఇంకా కష్టం. యాపిల్ ఐడీ ఎవరిదో ఆ మనిషి దొరకాలి, లేదంటే కొన్న బిల్లు చూపించి యాపిల్ వాళ్లనే అడగాలి.

క్యాంపు గది ఎరిగినవారికే ఈ బాధ అర్థమవుతుంది. గదికి ఆరుగురో ఎనిమిది మందో. రెండంతస్తుల మంచాలు. మంచం చుట్టూ చీరో దుప్పటో కట్టుకుంటే అదే గోడ. ఆ తెర లోపల మనిషికి సొంతమనేది ఒక్క ఫోనే. పెళ్లాంతో మాట్లాడేదీ అందులోనే, ఏడ్చేదీ దాని ముందే. కాగితాలన్నీ కూడా అందులోనే ఉంటాయి. పాస్‌పోర్టును కంపెనీ తన దగ్గర పెట్టుకోకూడదని ఇక్కడి నియమం. అయినా పెట్టుకునేవాళ్లు ఉన్నారు. అప్పుడు ఆ మనిషి చేతిలో ఉన్న పాస్‌పోర్టు అంటే గ్యాలరీలోని ఫొటోయే. వీసా పేజీ, ఎమిరేట్స్ ఐడీ రెండు వైపులా, జీతం కార్డు, దాని పక్కనే పిన్ నంబరు రాసుకున్న చీటీ, భార్య ఆధార్, పట్టాదారు పాస్‌బుక్కు, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ. ఒక్క గ్యాలరీ తెరిస్తే ఆ కుటుంబం మొత్తం బయటపడుతుంది.

అదే మనిషిని అడిగితే “మన ముచ్చట ఎవడు వింటడే, మనతోని ఎవనికేం పని” అంటాడు. ఈ మాట వింటే నాకు కడుపు మండుతుంది. ప్రైవసీ అంటే పెద్దోళ్లకు, సినిమావాళ్లకు, దాచుకునే సొమ్ము ఉన్నోళ్లకు అనే నమ్మకం మనలో ఎట్లా పాతుకుపోయిందో తెలియదు. ఉన్నవాడి వివరాలు పోతే వకీలును పెట్టుకుంటాడు, బ్యాంకు మేనేజరుకు ఫోను చేస్తాడు. నెలకు వెయ్యి దిర్హమ్‌ల మీద బతికేవాడి పేరు మీద ఎవరో సిమ్ తీసుకుని తప్పు పని చేస్తే, పోలీసు ముందు నిలబడేది వాడే. ఇక్కడ 2012లోనే ‘నా నంబరు, నా గుర్తింపు’ అని ప్రచారం చేసి సిమ్‌లన్నీ మళ్లీ నమోదు చేయించారు. నంబరు ఎవరి పేరు మీద ఉంటే బాధ్యత వాళ్లదే. ఆ సంగతి తెలియక, రీచార్జికి పోయిన చోట కూడా ఐడీ ఇచ్చి జిరాక్సు తీయనిచ్చేవాళ్లను రోజూ చూస్తాను.

ఇంటికి మాట్లాడే కథ వేరే. యూఏఈలో వాట్సాప్ మెసేజ్ పోతుంది, కాల్ పోదు. లైసెన్సు ఉన్న యాప్‌లలోనే ఇంటర్నెట్ కాల్ చేయాలి. నేను వచ్చిన కొత్తలో స్కైప్ నడిచేది, 2018 వచ్చేసరికి అదీ ఆగింది. తర్వాత బాటిమ్ లాంటి యాప్‌లకు నెలకు 50 దిర్హమ్‌ల ప్యాకేజీ కట్టాల్సి వచ్చింది. యాభై అంటే క్యాంపు మనిషికి కొన్ని రోజుల కూరగాయలు. అందుకే 2019లో టోటాక్ అనే యాప్ వచ్చి ఉచితంగా వీడియో కాల్ ఇస్తే, గదులకు గదులు దానిమీద పడ్డాయి. నేనూ ఎన్నో ఫోన్లలో ఎక్కించాను. ఆ డిసెంబరులో అది ఇక్కడి ప్రభుత్వం నిఘాకు వాడే సాధనమని అమెరికా అధికారుల మాటగా న్యూయార్క్ టైమ్స్ రాసింది. గూగుల్, యాపిల్ దాన్ని తమ స్టోర్ల నుంచి తీసేశాయి. కంపెనీ మాత్రం కాదని ఖండించింది. ఏది ఎంత నిజమో తేల్చే స్థానంలో నేను లేను. నా చేత్తో ఎక్కించిన యాప్ అది కాబట్టి నాకు నిద్ర పట్టలేదు. కాల్‌కు డబ్బు కట్టలేనివాడు ఏ యాప్ ఉచితమంటే దానికే పోతాడు. మైకు, కెమెరా, కాంటాక్టులు, లొకేషన్ అన్నిటికీ ‘అనుమతించు’ నొక్కుతాడు. వాడిని తెలివితక్కువవాడని నేననను. బిడ్డ ముఖం చూడాలనుకున్నాడు, అంతే.

ఫోను అసలే చేతిలో లేనివాళ్లు కూడా ఉన్నారు. మా గదిలో రాయచోటి తమ్ముడు ఉండేవాడు. వాళ్ల మేనత్త కువైట్‌లో ఒక ఇంట్లో ఖద్దామా, అంటే ఇంటిపని మనిషి. మొదటి ఏడాది ఫోను మేడమ్ దగ్గరే ఉండేది. వారానికి ఒకసారి ఇచ్చి, పక్కనే నిలబడేది. మాట్లాడటం అయ్యాక ఎవరికి చేసిందో చూసి తీసుకునేది. ఆమె బాగున్నానంటే నమ్మాలో వద్దో తెలియక ఈ తమ్ముడు ఇక్కడ అన్నం తినేవాడు కాదు. అలాంటి సమయంలోనే, 2019లో, బీబీసీ అరబిక్ విలేకరులు కువైట్‌లో ఇంటిపని మనుషులను యాప్‌లలో, ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటోలు పెట్టి చేతులు మారుస్తున్నారని బయటపెట్టారు. ఆ వార్త తర్వాత యాపిల్ సంస్థ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను తన స్టోర్ నుంచి తీసేస్తానని హెచ్చరించిందని 2021లో బయటికొచ్చిన ఫేస్‌బుక్ అంతర్గత పత్రాల్లో ఉంది. కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లు ఎందరు ఆ దేశంలో ఉన్నారో మనకు తెలుసు. ఫోను తన దగ్గర ఉంచుకోలేని మనిషి ఫొటో ఇంకెవరి ఫోనులోనో ధరతో సహా తిరుగుతుంటే, దానికి ఏ పేరు పెట్టాలి?

ఊరి నంబరు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే డబ్బు పోయే దారి అదే. ఇక్కడికి వచ్చేటప్పుడు ఇండియా సిమ్‌ను పర్సులో వేసుకుని వస్తారు. రీచార్జి ఒకటి రెండు నెలలు మరిచిపోతారు. కొంతకాలానికి ఆ నంబరు రద్దవుతుంది. రద్దయిన నంబరును 90 రోజులు గడిచాక కంపెనీ ఇంకొకరికి ఇవ్వొచ్చు. బ్యాంకు ఖాతాకు, ఆధార్‌కు అదే నంబరు ఉంటే ఓటీపీలన్నీ ఆ కొత్త మనిషి ఫోనుకు పోతాయి. మెట్‌పల్లి దగ్గరి ఒక బావకు ఇలాగే జరిగింది. ఊళ్లో బ్యాంకుకు పోతే నంబరు మార్చడానికి మనిషి రావాలన్నారు, ఇక్కడ సెలవు ఇవ్వరు. ఏడు నెలలు తన డబ్బును తాను తాకలేకపోయాడు. అందుకే నేను ప్రతి ఒక్కరికీ చెప్తాను: అన్నీ మరిచిపోయినా ఊరి సిమ్‌కు రీచార్జి మరిచిపోకండి, లేదంటే వచ్చే ముందే బ్యాంకులో నంబరు మార్పించుకోండి.

ఫోన్ల కంపెనీల మీద నాకు కోపం ఉంది. మనవాళ్లు ఫోను కొనేటప్పుడు అడిగేవి నాలుగే: బ్యాటరీ రోజంతా రావాలె, రెండు సిమ్‌లు ఉండాలె, స్పీకరు గట్టిగా వినపడాలె, ఫొటోలకు జాగ ఉండాలె. సన్నగా ఉందా అని ఒక్కరూ అడగలేదు. వాళ్లు అడగనిది, అడగాలని తెలియనిది ఇంకొకటి ఉంది: ఈ ఫోనుకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయని. 2023లో గూగుల్ పిక్సెల్ 8కు, 2024లో శామ్‌సంగ్ ఎస్24కు ఏడేళ్లు ఇస్తామని ప్రకటించాయి. మంచిదే. కానీ ఆ ధరలు మా టేబుల్ ముందు నిలబడేవాళ్లవి కావు. వాళ్లు కొనే చవక ఫోన్లలో చాలావాటికి అప్‌డేట్లు రెండు మూడేళ్లకే ఆగిపోతాయి, ఫోను మాత్రం ఐదారేళ్లు వాడతారు. ఎక్కువ డబ్బు పెట్టినవాడికి గట్టి తాళం, తక్కువ పెట్టినవాడికి తుప్పు తాళం. గదిలో పెట్టుకునే సామాను విషయంలో ఇది ఒప్పుకుంటానేమో గానీ, బ్యాంకు ఖాతా ఉన్న వస్తువు విషయంలో ఒప్పుకోలేను.

2025లో ఐఫోన్ 6లలో వాట్సాప్ ఆగిపోయింది. పాత ఐఫోన్లు పట్టుకుని వారం రోజులు వస్తూనే ఉన్నారు. కొందరికి అది ఇక్కడి ఇంజినీరు ఇచ్చిపోయిన ఫోను, కొందరు సెకండ్‌హ్యాండులో ఇష్టపడి కొన్నది. ఫోను ఏమీ చెడిపోలేదు. దానిలోంచి ఇంటి గొంతు పోయింది, అంతే.

రిపేరు చేసేవాడిగా మా వైపు తప్పు కూడా దాచను. ఈ బజారులో ఇచ్చిన ఫోను గ్యాలరీ తెరిచి చూసేవాళ్లు ఉన్నారు. స్క్రీను మార్చడానికి పాస్‌వర్డుతో పనే లేదు, పని అయ్యాక టచ్ సరిగా ఉందో లేదో చూడటానికి యజమాని ముందు తెరిస్తే చాలు. అయినా అడుగుతారు, వీళ్లు చెప్పేస్తారు. 2022 నుంచి శామ్‌సంగ్ ఫోన్లలో మెయింటెనెన్స్ మోడ్ అని ఒకటి వచ్చింది. అది పెట్టి ఇస్తే మా చేతికి ఫోను ఖాళీదానిలా కనపడుతుంది, ఫొటోలు, మెసేజ్‌లు ఏవీ తెరుచుకోవు. పిక్సెల్‌లోనూ తర్వాత అలాంటిది పెట్టారు. నేను దాన్ని ఎవరికి చూపించినా “గిట్ల కూడ ఉంటదా” అని ఆశ్చర్యపోతారు. ప్రకటనల్లో చంద్రుడి ఫొటో తీయడం చూపిస్తారు, దీన్ని చూపించరు. పాత ఫోను అమ్మేవాళ్లు కూడా ఫొటోలు ఒక్కొక్కటి వేలితో చెరిపి, ఇక ఏమీ లేవనుకుంటారు. చాలా ఫోన్లలో అవి నెల రోజులు చెత్తబుట్టలోనే ఉంటాయి. ఖాతాలోంచి బయటికి వచ్చి, పూర్తిగా రీసెట్ చేసి అమ్మమని చెప్పి, దగ్గర నిలబడి వాళ్ల చేతే చేయిస్తాను.

ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు యజమానిని అడిగి ఒక గంట తీసుకుంటున్నాను. కొత్త ఫోను కొన్నవారిని పక్కన కూర్చోబెట్టి, జీమెయిల్ వాళ్ల చేతే తెరిపిస్తాను. రికవరీకి ఇక్కడి నంబరొకటి, ఊళ్లో భార్యదో కొడుకుదో ఇంకోటి. పాస్‌వర్డు నాకు చెప్పొద్దని ముందే అంటాను. ఇంగ్లిషు అక్షరాలు రాకపోతే నోటుబుక్కులో అక్షరం పక్కన తెలుగులో దాని పలుకు రాసిస్తాను. ఒక్కొక్కరికి అరగంట పడుతుంది. యజమాని మొదట గొణిగాడు, ఇప్పుడు టీ తెప్పిస్తున్నాడు.

పోయిన నెల ఖానాపూర్ అన్న మళ్లీ వచ్చాడు. ఇక పూర్తిగా ఇంటికి పోతున్నాడట. బిడ్డకు ఒక ఫోను కొన్నాడు, తనకూ ఒకటి. తన ఫోను నా ముందు పెట్టి, “ఈసారి నేనే కొడత” అన్నాడు. జీమెయిల్‌కు ఏ పేరు పెట్టాలో ముందే అనుకుని వచ్చాడు. ఇనుము వంచి వంచి మొద్దుబారిన వేళ్లు, ఒక అక్షరం నొక్కబోతే పక్కది పడుతోంది. చెరిపి మళ్లీ కొట్టాడు. నేను సాయం చేయబోయి ఆగాను. పాస్‌వర్డు అడిగే చోటికి వచ్చాక తలెత్తి నా వైపు చూశాడు.

“తమ్మీ, నువ్వు జర అటు తిరుగు.”

నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను.