నేషనల్ మాల్‌లో ఆ మంగళవారం

2023 నవంబర్ 14న వాషింగ్టన్‌లో జరిగిన మార్చ్ ఫర్ ఇజ్రాయెల్‌కి నేనూ వెళ్ళా, మా టీమ్‌లో ఉండే యూదు ఫ్రెండ్ రమ్మంటే. మార్చ్ అన్నారు గానీ నడిచిందేం లేదు, నేషనల్ మాల్‌లో నిలబడటమే, ఆర్గనైజర్లేమో 2,90,000 మంది అన్నారు, మెట్రో ఎక్కినప్పటి నుంచే నీలం తెలుపు జెండాలు, కిప్పా (యూదులు పెట్టుకునే చిన్న టోపీ) పెట్టుకున్న స్కూల్ పిల్లలు, వీల్‌చైర్లలో పెద్దాళ్ళు. 1987లో సోవియట్ యూదుల్ని దేశం దాటి వెళ్ళనివ్వమని ఇక్కడే రెండున్నర లక్షల మంది చేరారట, మా ఫ్రెండ్ వాళ్ళ నాన్న కూడా వచ్చాడట, సోవియట్ జైల్లో ఏళ్ళు గడిపి, అప్పుడు మాట్లాడిన నతాన్ షరాన్‌స్కీ ఈసారీ స్టేజ్ ఎక్కాడు.

అప్పటి సెనేట్ డెమొక్రాట్ల లీడర్ షుమర్, రిపబ్లికన్ స్పీకర్ మైక్ జాన్సన్ చేతులు పట్టుకుని నిలబడ్డారు, ఇది అమెరికా పాలిటిక్సేనా అనిపించింది. అక్టోబర్ 7న హమాస్ ఎత్తుకుపోయినవాళ్ళ తల్లులు మాట్లాడుతుంటే మాత్రం నా వల్ల కాలేదు, కళ్ళల్లో నీళ్ళు.

కానీ సీఎన్ఎన్ కామెంటేటర్ వాన్ జోన్స్ గాజా మీద బాంబులు కూడా ఆగాలని ప్రార్థిస్తున్నా అంటే చాలామంది "నో సీజ్‌ఫైర్" అని అరిచారు, అది నాకు అస్సలు నచ్చలే, అప్పటికే అక్కడ 11,000 మందికి పైగా పోయారని గాజా హెల్త్ మినిస్ట్రీ చెప్పింది కదా. అదే అంటే మావాడు, మా చెల్లి సీజ్‌ఫైర్ ర్యాలీలకే వెళ్తోంది రా, ఇంట్లో రోజూ గొడవే అన్నాడు.

తిరుగు ట్రైన్‌లో మా గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు యూదులున్నారు, బెనే ఎఫ్రాయీమ్ అంటారు, సినగాగ్ కూడా ఉంది అంటే నమ్మడే, ఫోన్‌లో వెతికి చూపించాల్సొచ్చింది 😄