పేపర్ సరేనన్నా బ్రాడ్‌హెడ్ ఒప్పుకోదు

అమెరికాలో జింకల వేట సీజన్ ఇంకో వారముందనగా, కాంపౌండ్ విల్లు (కప్పీలతో లాగే విల్లు) వాడేవాళ్లు బాణానికి ప్రాక్టీస్ పాయింట్ (బ్లేడ్లు లేని మొన) తీసి బ్రాడ్‌హెడ్ (బ్లేడ్లున్న వేట మొన) బిగిస్తారు. వేసవంతా నడిమధ్య గుచ్చుకున్న బాణం ఆరంగుళాలు పక్కకు పోతుంది. వెంటనే చెయ్యి సైటు (గురి చూసే పరికరం) మీదికి వెళ్తుంది. వద్దు. బ్లేడ్లంటే బాణం ముందు కట్టిన రెక్కలు. బాణం కాస్త వంకరగా బయల్దేరినా అవి గాలిని పట్టి దాన్ని పక్కకు లాగుతాయి. సైటు జరిపితే ఆ వంకర పోదు, కనబడకుండా పోతుందంతే. (విజయవాడ ఆర్చర్ జ్యోతి సురేఖ చేతిలోదీ కాంపౌండ్ విల్లే, కానీ 50 మీటర్ల టార్గెట్ బాణానికి బ్లేడ్లుండవు. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నేరం కాబట్టి ఈ గొడవ ఇక్కడివాళ్లకు లేదు.)

ముందు విల్లు సంగతి. డ్రా స్టాప్‌లు (స్ట్రింగ్‌ని ఇంతకుమించి లాగనివ్వని అడ్డాలు) రెండున్న విల్లయితే పూర్తిగా లాగినప్పుడు రెండూ ఒకేసారి ఆనాలి. మీరు లాగుతుంటే పక్కన ఇంకొకరు చూడాలి. తేడా ఉంటే కేబుల్‌కి (కప్పీలను కలిపే తాడుకి) మెలికలు ఎక్కించడమో దించడమో చెయ్యాలి, అది బో ప్రెస్ (విల్లును నొక్కిపట్టే యంత్రం) మీద చేసే పని. డ్రా వెయిట్ (విల్లు లాగడానికి పట్టే బలం) మార్చేటప్పుడు పైనా కిందా లింబ్ (విల్లులో వంగే భాగం) బోల్టులు ఒకే లెక్కలో తిప్పండి. బాణం లేకుండా స్ట్రింగ్ వదిలేస్తే ఆ శక్తంతా లింబుల మీదే పడి విరగొచ్చు.

రెస్ట్ (బాణం ఆనే పరికరం) బిగించే రంధ్రం ఎత్తులో, స్ట్రింగ్‌కి లంబంగా బాణం కూర్చోవాలి. పక్కకైతే రైజర్ (విల్లు మధ్య చట్రం) నుంచి బాణం మధ్యకు 13/16 అంగుళం దగ్గర మొదలుపెడితే చాలా విల్లులకు దారి దొరుకుతుంది.

బాణం స్పైన్ అంటే వంగుడు కొలత, అంకె తగ్గేకొద్దీ బిరుసు ఎక్కువ: 400 కన్నా 340 బిరుసు, 300 ఇంకా బిరుసు. పొడవు పెరిగినా, ముందు బరువు పెరిగినా, డ్రా వెయిట్ పెంచినా బాణం మెత్తబడినట్టే ప్రవర్తిస్తుంది. 100 గ్రెయిన్ల (బాణాల బరువు కొలత) పాయింట్‌తో సరిచేసిన బాణానికి 125 గ్రెయిన్ల బ్రాడ్‌హెడ్ పెట్టి అది పాత చోటే తగలాలనుకోవడం అత్యాశ. బ్యాలెన్స్ కూడా లెక్కేయండి: నాక్ (బాణం తోకన స్ట్రింగ్‌కి తగిలించే ముక్క) గాడి నుంచి 28.5 అంగుళాలున్న బాణం 17.8 దగ్గర తూగితే, అందులోంచి సగం పొడవు 14.25 తీసెయ్యగా 3.55, అది మొత్తం పొడవులో దాదాపు 12.5 శాతం. వేటకు 10 నుంచి 15 మధ్య బాగుంటుంది.

ఇప్పుడు పేపర్. చట్రానికి బిగించిన కాగితం గుండా ఆరేడు అడుగుల దూరం నుంచి కొట్టి, చిరుగు చూడండి. తోక పైకి చిరిగితే నాక్ పాయింట్ (స్ట్రింగ్ మీద నాక్ తగిలించే చోటు) దించాలి, లేదా రెస్ట్ ఎత్తాలి. చిరుగు ఎంతకీ మారకపోతే ఈకలు రెస్ట్‌కి తగులుతున్నాయేమో చూడండి: ఈకల అంచులకు లిప్‌స్టిక్ రాసి కొడితే మరక ఎక్కడ పడిందో తెలిసిపోతుంది. అడ్డంగా చిరిగితే ముందు పట్టు చూసుకోండి. అరచేత్తో గ్రిప్‌ని మెలేస్తే ఏ రెస్టూ సరిచెయ్యలేదు. పట్టు బాగుంటే రెస్ట్‌ని అంగుళంలో 32వ వంతు జరిపి మూడు బాణాలు కొట్టండి. చిరుగు పెరిగితే రెండో వైపుకి జరపండి. పన్నెండు బాణాల్లో ఒక్కటే మొరాయిస్తే విల్లు ముట్టుకోకండి. ఆ బాణం నాక్ మాత్రం తిప్పి ఇంకో ఈక పైకి తెచ్చి చూడండి.

చివరి తీర్పు బ్రాడ్‌హెడ్‌దే. బిగించాక బాణాన్ని మొన మీద గిర్రున తిప్పండి. ఊగితే ఆ జతను వాడొద్దు. 20 గజాల్లో మొదలుపెట్టి 40 దాకా, ప్రాక్టీస్ పాయింట్ ఒకటి, బ్రాడ్‌హెడ్ ఒకటి మార్చి మార్చి కొట్టండి. ప్రాక్టీస్ పాయింట్లు పడ్డవైపుకే రెస్ట్ జరపాలి. బ్రాడ్‌హెడ్ ఎడమకు పోతే రెస్ట్ కుడికి, కిందికి పోతే రెస్ట్ పైకి, ప్రతిసారీ 32వ వంతే. రెండు గుంపులూ కలిశాకే సైటు ముట్టుకోండి.

కొట్టబోయే ముందు ప్రతిసారీ కార్బన్ బాణాన్ని వంచి, చిటపట శబ్దం వస్తుందేమో వినండి. పగిలిన షాఫ్ట్ (బాణం కాండం) వదిలిన క్షణంలో ముక్కలై విల్లు పట్టిన చేతిలోనే దిగొచ్చు.