గుణదల కొండకి పెద్దమ్మతో

మా ఇంట్లో మరియమ్మ పేరు క్రిస్మస్ నాటికలో తప్ప పెద్దగా వినపడదు. ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టారు. మా ముత్తాతల కాలం నుంచీ మాది ఆ దారే. విగ్రహం, కొవ్వొత్తి, మొక్కు అంటే మా అమ్మ మొహం చిట్లిస్తుంది. పెద్దమ్మ మాత్రం కేథలిక్కుల ఇంటి కోడలైంది. అప్పట్నుంచీ ఏటా ఫిబ్రవరిలో విజయవాడ గుణదల కొండ మీద జరిగే మరియమాత తిరునాళ్లకి వెళ్లాల్సిందే. "మా అక్కయ్య కొండకెళ్లిందిలే" అని అమ్మ అనే తీరులోనే ఆవిడ అభిప్రాయం మొత్తం ఉండేది.

నా పెళ్లి నిలబడలేదు. వివరాలు ఇక్కడ అనవసరం, కోర్టు కాగితాల్లో ఉన్నాయి. పుట్టింటికి వచ్చేశాక కొన్నాళ్లు ఆదివారం ఆరాధనకి వెళ్లేదాన్ని. అందరూ చిన్నప్పట్నుంచీ ఎరిగినవాళ్లే, అదే వచ్చిన చిక్కు. బయటికి రాగానే చెయ్యి పట్టుకుని "ఇంకా మాట్లాడుకోలేదా అమ్మా?" అని ఒకరు, "దేవుడు జతపరచినవారిని మనుష్యుడు వేరుపరచకూడదు" అని ఇంకొకరు. కాస్త మెత్తనివాళ్లు వాట్సాప్‌లో 34వ కీర్తన పంపేవాళ్లు: "విరిగిన హృదయము గలవారికి యెహోవా ఆసన్నుడు." గులాబీల బొమ్మ మీద. ఎంత మంచి వాక్యమైనా పొద్దస్తమానం ఫోన్లో టింగుమంటుంటే చదవబుద్ధి కాదు. వెళ్లడం మానేశాను. తర్వాత తిండి తగ్గింది, నిద్ర పోయింది. డాక్టరు దగ్గరికి అన్నయ్య తీసుకెళ్లాడు. మందులు వాడుతున్నాను.

పెద్దమ్మ వచ్చి ఏ వాక్యమూ చెప్పలేదు. "రేపు బెజవాడ వెళ్తున్నా, నువ్వూ రా. నాకు మెట్లెక్కాలంటే తోడు కావాలి," అంది. అమ్మ ఏదో అనబోయింది. "ఇంట్లో పడుకుని గోడ చూడ్డం కంటే నయం కదే," అనేసింది పెద్దమ్మ.

తిరునాళ్లు 9, 10, 11 తేదీల్లో. పదో తేదీ మధ్యాహ్నానికి విజయవాడ బస్టాండులో దిగాం. ఆటో కొంత దూరమే పోనిచ్చారు, అక్కణ్ణుంచి నడకే. చంకల్లో పిల్లలు, నెత్తిన మూటలు, బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లు, జపమాల మెడలో వేసుకున్న ముసలివాళ్లు, మధ్యలో జీళ్లు, బూరల అమ్మకాలు. నన్ను ఎవరూ ఎరగరు. ఎవరూ చెయ్యి పట్టుకుని ఏమీ అడగడం లేదు. దర్శనం సంగతి తర్వాత, ఆ రద్దీలో దొరికిన చాటుకే నాకు సగం ప్రాణం లేచొచ్చింది.

"ఇక్కడే ఉండు, ఇప్పుడే వస్తా," అని పెద్దమ్మ సంచీ నా చేతికిచ్చి ఎటో వెళ్లింది. చాలాసేపటికి వచ్చింది. నేను గుర్తుపట్టలేదు. నున్నటి గుండు, చెవి పైన చిన్న గాటు, దాని మీద రక్తం చుక్క. అరవై దాటినా నడుము దాకా జడ ఉన్న మనిషి ఆవిడ. ఆ జడంటే ఎంత మురిపెమో ఇంట్లో అందరికీ తెలుసు.

"ఏంటి పెద్దమ్మా ఇది?"

"మొక్కు."

"దేనికి?"

"నీకే. కిందటి ఏడాది నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు మొక్కుకున్నా. పద, ఎండగా ఉంది, తల చురుక్కుమంటోంది."

లూథరన్ బుర్ర ఒకటి నాలో అప్పుడు కూడా పనిచేస్తూనే ఉంది. కృప ఉచితం, జుట్టిచ్చి కొనుక్కునేది కాదు అని కన్ఫర్మేషన్ క్లాసులో బట్టీ పట్టాం కదా. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆవిడ ఏమీ కొనుక్కోవడం లేదు. తనకి ఇష్టమైనదేదో నా కోసం వదిలేసుకుంది, అంతే. నా చున్నీ తీసి ఆవిడ తలకి చుట్టాను. ఏడుపు ఆగలేదు. పక్కన నిలబడ్డ ఎవరో ఆవిడ ఏమీ అడక్కుండా నీళ్ల సీసా అందించింది.

కొండ మీద గుహలో లూర్దుమాత స్వరూపం: తెల్లటి బట్టలు, నడుముకి నీలం దట్టీ. ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ అర్లాటి గుణదలలో సెయింట్ జోసఫ్ అనాథాశ్రమం చూసుకుంటూ 1924లో ఇక్కడ మరియమాత స్వరూపాన్ని పెట్టించారట. అనాథ పిల్లల చోటు ఇంత తిరునాళ్లయిందన్నమాట. గుహ ముందు కొబ్బరినీళ్లకి నేలంతా జిగటగా ఉంది, చెప్పుల్లేని కాళ్లు అంటుకుపోతున్నాయి. వాలంటీర్లు సగం కాలిన కొవ్వొత్తుల్ని రేకుడబ్బాలోకి తోసి కొత్తవాటికి చోటు చేస్తున్నారు. పెద్దమ్మ "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము" అని మొదలుపెట్టింది. నేను పెదాలు కదపలేదు. ఆవిడా నన్ను చెప్పమనలేదు.

పై సిలువ దాకా వెళ్లే దారిలో సిలువమార్గం స్థలాలు వస్తాయి, యేసు సిలువ మోసుకెళ్లిన ఘట్టాలు చూపించేవి. 14 స్థలాల్లో మూడుచోట్ల యేసు బోర్లపడతాడు. సువార్తల్లో ఆయన పడిపోయినట్టు ఎక్కడా రాసి లేదు, సంప్రదాయంగా వచ్చిన సంగతి అది. పెద్దమ్మతో ఆ మాటే అన్నాను. ఆవిడకి మోకాళ్లు నొప్పులు. మూడోసారి పడిన చోట చతికిలబడి, "రాయకపోతే ఏం, అంత బరువు మోసినోడు పడకుండా ఉంటాడా? ఆయన పడ్డచోటే మనమూ కాసేపు కూర్చుందాం," అంది. కింద ఊరంతా దీపాలు వెలుగుతున్నాయి.

సాయంత్రం మైకులో ఒక ఫాదర్ బెర్నదెత్ కథ చెప్పారు. 1858 ఫిబ్రవరి 11న ఫ్రాన్సులో లూర్దు ఊరి బయట గుహ దగ్గర పుల్లలేరుకోవడానికి వెళ్లిన పద్నాలుగేళ్ల పేదింటి పిల్లకి మరియమాత కనిపించడం వరకూ నాకూ కొంచెం తెలుసు. ఊట సంగతి తెలీదు. తవ్వమన్నచోట తవ్వితే మొదట వచ్చింది బురదే. ఆ బురదనీళ్లే తాగి మొహానికి పూసుకుంటే చూసినవాళ్లు పిచ్చి పట్టిందన్నారట. ఆ నీళ్లకి తర్వాత లక్షలమంది వచ్చారు. బెర్నదెత్ మాత్రం ఉబ్బసంతో, ఎముకల క్షయతో నానా అవస్థా పడి 35 ఏళ్లకే పోయింది. లూర్దులో బాగుపడ్డామని వేలమంది చెప్పుకున్నా, తిరుసభ పరీక్షించి అద్భుతమని ఒప్పుకున్నవి ఈ నూటఅరవై ఏళ్ల పైచిలుకులో సుమారు 70 మాత్రమేనట. విని కొందరు నీరసపడతారేమో. నాకు మాత్రం హాయిగా అనిపించింది. ఇక్కడ కొండ దిగేలోపు బాగైపోవాలనే టెన్షన్ ఎవరూ పెట్టడం లేదు.

పందిరి కింద కుర్చీలు వేసుకుని ఫాదర్లు పాపసంకీర్తనాలు, అంటే జనం ఒప్పుకునే తప్పులు, వింటున్నారు. పెద్దమ్మ వెనక వరసలో నిలబడ్డాను, పక్కకి తప్పుకునేలోపే నా వంతు వచ్చేసింది.

"నేను కేథలిక్ కాదండీ ఫాదర్."

"అయితే ఇది పాపసంకీర్తన సంస్కారం కిందికి రాదమ్మా. కూర్చో, వినడానికేం?"

చెప్పాను. వరసలో వెనకవాళ్లు విసుక్కుంటున్నా ఆయన తొందరపెట్టలేదు. చివర్లో, "క్షమించమని అందరూ చెప్పే ఉంటారు," అన్నారు. తలూపాను. "అది తర్వాత చూద్దువుగాని. నిద్ర పడుతోందా? అన్నం తింటున్నావా?"

లేదన్నాను. ఏలీయా గుర్తున్నాడా అని అడిగారు. సండే స్కూల్ పిల్లని, గుర్తులేకేం. బదరీవృక్షం కింద కూలబడి, ఇక నా ప్రాణం తీసెయ్ అని దేవుణ్ణి అడిగినవాడు. "దేవదూత వచ్చి అతనికి ప్రసంగం చెప్పాడా? లేచి భోజనం చెయ్యమన్నాడు. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి తినమన్నాడు. దేవుడు మాట్లాడింది ఆ తర్వాత చాలా రోజులకి, హోరేబు కొండ దగ్గర," అన్నారు. తల మీద చెయ్యిపెట్టి ఆశీర్వదించి, "ముందు తిను," అని పంపించేశారు. ఏళ్ల తరబడి ఆ అధ్యాయం చదివాను. హోరేబులో దేవుడు మాట్లాడిన మెల్లని స్వరం గురించే అందరూ ప్రసంగిస్తారు, దేవదూత తినమన్న రొట్టె గురించి ఎవరూ చెప్పరు.

పెద్దమ్మ పులిహోర కట్టుకొచ్చింది. పొట్లం విప్పితే ఇంగువ వాసన. నా వంతు తినేసి ఆవిడ దాంట్లో కూడా చెయ్యి పెట్టాను. తర్వాత ఆ పందిట్లోనే దుప్పటి పరుచుకుని పడుకున్నాం. ఓ పక్క చంటిపిల్ల ఏడుపు, ఇంకో పక్క ఎవరిదో గురక, మైకులో జపమాల. వీటన్నిటి మధ్య నేను తెల్లారిందాకా ఒళ్లు తెలీకుండా నిద్రపోయాను. పొద్దున పండగ పూజకి పెద్దమ్మే తట్టి లేపింది. పూజలో ఫాదర్ ఇచ్చే అప్పం, దివ్యసత్ప్రసాదానికి ఆవిడ వెళ్లింది. కేథలిక్ కాని నేను వెళ్లకూడదు కాబట్టి కూర్చునే ఉన్నాను.

ఇంటికొచ్చాక అమ్మ ఆ గుండు చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కొబ్బరినూనె తెచ్చి, గాటు పడ్డచోట తనే రాసింది.

ఇప్పుడు ఆదివారాలు మళ్లీ ఆరాధనకి వెళ్తున్నాను. వెనక బెంచీలో కూర్చుంటాను, ఆఖరి కీర్తన అవుతుండగానే బయటపడతాను. వాట్సాప్ గ్రూపు మ్యూట్‌లో పెట్టాను. మందులు మానలేదు, డోసు తగ్గించారు. క్షమించానా అంటే ఇంకా లేదు, నన్ను పెళ్లి చేసుకున్నాయన పేరు వింటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. కాకపోతే దేవుడితో మాట్లాడుతున్నాను. ఎక్కువగా పోట్లాటే. వచ్చే నెల వాయిదా ఉంది. పెద్దమ్మ తోడొస్తానంటోంది. పులిహోర తానే తెస్తుందట, కోర్టు క్యాంటీన్లో తినొద్దంటోంది.